ట్రాన్స్‌మిటరు చెప్పినదంతా నిజమేనా? – దోషనిర్ణయ పట్టికలపై ఒక విమర్శ

నూనెశుద్ధి కర్మాగారంలోగాని, ఎరువుల కర్మాగారంలోగాని, విద్యుత్కేంద్రంలోగాని పనిచేసేవారు తాము నడిపే పదార్థాన్ని కంటితో చూడరు. అది ఉక్కు పాత్రలలో, ఉక్కు గొట్టాలలో దాగి ఉంటుంది. దాని పీడనం ఎంత, ఉష్ణోగ్రత ఎంత, పాత్రలో ఎంత మట్టానికి చేరినది, గొట్టంలో ఎంత వేగంతో పారుతున్నది అనే సంగతులను అక్కడ అమర్చిన ఒక పరికరం గ్రహించి, విద్యుత్సంకేతంగా మార్చి, దూరాన ఉన్న నియంత్రణశాలకు పంపుతుంది. ఈ పరికరాన్నే ట్రాన్స్‌మిటరు అంటారు. ఆకాశవాణి ప్రసారానికి వాడే ట్రాన్స్‌మిటరుకూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. ఇది తీగమీదుగా ఒక్క అంకెను మాత్రమే పంపుతుంది.

ఆ అంకె తప్పయితే ఎట్లా కనిపెట్టడం? ప్రతి తయారీదారూ తన పరికరంతోపాటు ఒక చిన్న పుస్తకం ఇస్తాడు. దాని చివర దోషనిర్ణయ పట్టిక ఉంటుంది. ఎడమవైపు లక్షణం, నడుమ కారణం, కుడివైపు చికిత్స. సాంకేతిక విద్యార్థులు చదివే గ్రంథాలలోనూ ఇంచుమించు ఇదే పట్టిక కొద్ది మార్పులతో కనిపిస్తుంది. దాని గుణదోషాలను విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది కేవలం కర్మాగారాల గొడవ అనుకొని ఉపాధ్యాయులు పుట తిప్పివేయవద్దని మనవి. ఇందులోని చిక్కు అంతా ఉన్నత పాఠశాలలో మనం చెప్పే ఆర్కిమెడీసు సూత్రంలోనే ఉన్నది.

ముందుగా సంకేతం సంగతి. పరిశ్రమలలో చాలా కాలంగా స్థిరపడిన ఏర్పాటు ప్రకారం, కొలవవలసిన రాశి కనిష్ఠంగా ఉన్నప్పుడు తీగలో 4 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం, గరిష్ఠంగా ఉన్నప్పుడు 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం పోతుంది. సగం ఉంటే 12. సున్న నుంచి కాక 4 నుంచి ఎందుకు మొదలుపెట్టారని విద్యార్థి అడగవచ్చును. పాత్ర ఖాళీ అయినప్పుడు సంకేతం సున్న అయ్యే పక్షంలో, ఖాళీ పాత్రకూ తెగిన తీగకూ భేదం తెలియదు. 4 ఉంటే పాత్ర ఖాళీ, 0 ఉంటే తీగ తెగినది. పైగా ఆ 4 మిల్లీ ఆంపియర్లే పరికరానికి ఆహారం కూడా. చాలా ట్రాన్స్‌మిటర్లు అవే రెండు తీగలమీద బతుకుతాయి. నాముర్ అనే జర్మను వినియోగదారుల సంఘం దీనిని మరికొంత పొడిగించింది. కొలత ఎప్పుడూ 3.8 నుంచి 20.5 మిల్లీ ఆంపియర్ల లోపలనే ఉండవలెను. పరికరం తనలో లోపం ఉన్నట్లు తానే గుర్తిస్తే సంకేతాన్ని 3.6 కు దిగువకుగాని, 21 కి ఎగువకుగాని నెట్టవలెను. అనగా ‘నాకు జబ్బు చేసింది’ అని చెప్పుకోవడానికి పరికరానికి రెండు ప్రత్యేక స్థానాలు కేటాయించారన్నమాట. ఇది చాలా తెలివైన ఏర్పాటు.

పట్టికలోని వరుసలు చాలావరకు దీనిని ఆధారం చేసుకొనే నడుస్తాయి. సంకేతం లేదు: విద్యుత్సరఫరా చూడు, తీగలు తారుమారైనవేమో చూడు. సంకేతం 20 దాటి నిలిచిపోయింది: గ్రాహకం చూడు. సంకేతం వణుకుతున్నది: భూసంధానం చూడు, పక్కనే మోటారు తీగలు పోతున్నవేమో చూడు. చిట్టచివరి వరుసలో, పైవేవీ ఫలించకపోతే పరికరాన్ని తయారీదారుకు పంపవలసినదని ఉంటుంది. ఈ చివరి వరుస మాత్రం ఎవరూ మరచిపోరు!

పరిహాసం అటుంచితే, ఈ వరుసలు నిరుపయోగమైనవి కావు. వాటి వెనుక ఓమ్ సూత్రమే ఉన్నది. ఉదాహరణకు 24 వోల్టుల సరఫరా ఉన్నది, పరికరం పనిచేయడానికి కనీసం 12 వోల్టులు కావలెను అనుకొందాం. తీగలకూ, కొలిచే నిరోధకానికీ కలిపి మిగిలేది 12 వోల్టులు. 20 మిల్లీ ఆంపియర్లు పోవాలంటే మొత్తం నిరోధం 600 ఓములు మించరాదు. వానకు తడిసి ఒక బిగింపు తుప్పుపట్టి నిరోధం 750 ఓములకు పెరిగినదనుకోండి. ఇప్పుడు పోగల గరిష్ఠ ప్రవాహం 16 మిల్లీ ఆంపియర్లు, అనగా 75 శాతం. పాత్రలో మట్టం 40 శాతం ఉంటే అంకె సరిగా వస్తుంది, 60 ఉన్నా సరిగా వస్తుంది. 75 దాటిన తరువాత పాత్ర నిండిపోతున్నా అంకె కదలదు. మంచి పట్టికలో దీనికొక వరుస ఉంటుంది. శ్రద్ధగల పనివాడు పట్టుకొంటాడు. ఇంతవరకు పట్టికను మెచ్చుకోవలసినదే.

నా ఆక్షేపణ వేరొకటి. ఈ పట్టిక ఎడమవైపు వరుసలో ఉన్నవన్నీ సంకేతపు ముఖకవళికలు. చచ్చిన సంకేతం, గడ్డకట్టిన సంకేతం, పూనకం వచ్చిన సంకేతం – ఇవే దానికి తెలిసిన జబ్బులు. నిదానంగా, స్థిరంగా, 4 కూ 20 కీ నడుమ ఎక్కడో మర్యాదగా కూర్చుని తప్పు చెప్పే సంకేతానికి ఆ పట్టికలో చోటు లేదు. వైద్యుని వద్దకు వెళ్ళవలసిన అవసరమే దానికి కలుగదు. కనుక పట్టిక ఎవరూ తెరవరు. కాని మనుషుల ప్రాణాలు తీసిన తప్పులు ఈ జాతివే.

ఒక చిన్న నమూనా చూడండి. గొట్టంలో ప్రవాహాన్ని కొలవడానికి నడిమధ్య రంధ్రం గల పలకను అడ్డుపెట్టి, దానికి ఇరువైపులా ఉన్న పీడనాల భేదాన్ని ట్రాన్స్‌మిటరుతో కొలుస్తారు. ఆ భేదం ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కాబట్టి అంకెకు వర్గమూలం తీయవలెను. ఆ పని ట్రాన్స్‌మిటరులోనే చేయవచ్చును, నియంత్రణశాలలోని కంప్యూటరులోనైనా చేయవచ్చును. ఇద్దరు వేరువేరు మనుషులు, ఒకరి సంగతి ఒకరికి తెలియక, రెండు చోట్లా తీసినారనుకోండి. నిజప్రవాహం 50 శాతం ఉన్నప్పుడు పీడనభేదం 25 శాతం. ఒకసారి వర్గమూలం తీస్తే 50 వస్తుంది. రెండవసారి తీస్తే దాదాపు 71 వస్తుంది. అయితే సున్నకు ఎన్నిసార్లు వర్గమూలం తీసినా సున్నయే, నూటికి నూరు ఉన్నప్పుడు నూరే. అందువల్ల పరికరాన్ని రెండు కొసలలో మాత్రమే పరీక్షించి చూసేవానికి ఈ దోషం జన్మలో దొరకదు. తీగ బాగున్నది, పరికరం బాగున్నది, కంప్యూటరు బాగున్నది. అంకె మాత్రం తప్పు.

ఇక అసలు ఉదాహరణకు వద్దాం. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ పట్టణంలో బి.పి. సంస్థకు చెందిన నూనెశుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగి 15 మంది మరణించారు, 180 మంది గాయపడ్డారు. ఆ ప్రమాదాన్ని ఆ దేశపు రసాయన భద్రతా విచారణ మండలి పరిశోధించి 2007 మార్చిలో మూడు వందలకు మించిన పుటల నివేదికను వెలువరించింది. నేను చదివిన ప్రమాద నివేదికలలో ఇంత నిష్కపటమైనది మరొకటి లేదు.

అక్కడ 170 అడుగుల ఎత్తు, 12.5 అడుగుల వ్యాసం గల ఒక స్వేదనస్తంభం ఉండేది. మరమ్మతుల తరువాత దానిని తిరిగి నడపడానికి ఆ రోజు ప్రారంభించారు. అడుగున ద్రవమట్టాన్ని కొలిచే ట్రాన్స్‌మిటరు స్తంభంలోని కింది 9 అడుగుల మేరను మాత్రమే చూడగలదు. మామూలుగా అంతకుమించి ద్రవం ఉండదు గనుక అది చాలుననుకున్నారు. ఆ ఉదయం ద్రవం లోపలికి వస్తున్నది. అడుగునుంచి బయటికి పోయే కవాటం గంటల తరబడి మూసి ఉన్నది. మట్టం 9 అడుగులు దాటి, 50 దాటి, 100 దాటి, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతానికి 158 అడుగులకు చేరింది. అదే సమయంలో ట్రాన్స్‌మిటరు చూపిన మట్టం సుమారు 8 అడుగులు. అంతకన్న విచిత్రమేమంటే, ఆ అంకె ఉదయంనుంచి నెమ్మదిగా తగ్గుతూ వస్తున్నది! స్తంభం నిండుతున్నకొద్దీ పరికరం అది తరుగుతున్నదని చెప్పింది. ద్రవం పైనుంచి పొర్లి, పీడనాన్ని విడుదలచేసే కవాటాల ద్వారా ఒక పాత్రలోకి, అక్కడినుంచి పొగగొట్టం వంటి నిలువు గొట్టం ద్వారా ఆకాశంలోకి చిమ్మింది. ఆ ఆవిరి మేఘం కొద్ది నిమిషాలలోనే అంటుకొన్నది. మరణించిన వారందరూ సమీపంలో ఉంచిన తాత్కాలిక కార్యాలయపు గదులలోను, వాటి చుట్టుపక్కలను ఉన్నవారే.

పరికరం ఎందుకు అట్లా చెప్పింది? దాని నిర్మాణం చాలా సులువైనది. డిస్‌ప్లేసరు అనే ఒక నిలువు లోహపు స్తూపం ద్రవంలో వేలాడుతుంది. ద్రవమట్టం పెరిగినకొద్దీ స్తూపంలో మునిగిన భాగం పెరిగి, దాని బరువు తగ్గినట్లు కనిపిస్తుంది. ఆ బరువు నష్టాన్ని కొలిచి మట్టంగా చెపుతారు. ఇది అచ్చంగా ఆర్కిమెడీసు సూత్రమే. అయితే బరువు నష్టం స్తూపం చేత తొలగింపబడిన ద్రవపు బరువుకు సమానం గనుక, అది మునిగిన ఘనపరిమాణం మీదనేగాక ద్రవపు సాంద్రత మీద కూడా ఆధారపడుతుంది. సాంద్రత ఇంత అని ముందుగా నమ్మి, దానిని బట్టి పరికరానికి గుర్తులు పెట్టుకొంటాము. దీనినే క్రమాంకనం అంటారు.

లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు సౌకర్యంకోసం తీసుకొన్నవేగాని ఆ స్తంభంలోనివి కావు. స్తూపం పొడవు 150 సెంటీమీటర్లు, అడ్డుకోత వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లు. ఘనపరిమాణం 3,000 ఘన సెంటీమీటర్లు. ద్రవపు సాంద్రత 0.8 అని నమ్మి గుర్తులు పెట్టినాము. పూర్తిగా మునిగితే బరువు నష్టం 2,400 గ్రాములు; దీనిని 100 శాతం అన్నాము. వాస్తవంలో ద్రవం తేలికైనది, సాంద్రత 0.76. స్తూపం పూర్తిగా మునిగిపోయినా నష్టం 2,280 గ్రాములే. అంకె 95 శాతం. ఇప్పుడు కొలిమి వెలిగించి ద్రవాన్ని వేడిచేశారు. వ్యాకోచించి సాంద్రత 0.64 కు దిగింది. నష్టం 1,920 గ్రాములు. అంకె 80 శాతం. ఈ లోపల స్తూపం మీద ఇంకా వంద అడుగుల ద్రవం చేరినా లెక్కలో మార్పు లేదు; మునిగినది మునిగినంతే. తీగలో ప్రవాహం 19.2 మిల్లీ ఆంపియర్లనుంచి 16.8 కు, ఏ తొట్రుపాటూ లేకుండా, దిగివచ్చింది. నాముర్ వారి హద్దులలో ఎక్కడా దాటలేదు. దోషనిర్ణయ పట్టిక పట్టుకొని కూర్చున్నవాడు దీనిని చూస్తే, పరికరం ఆరోగ్యంగా ఉన్నదని సంతకం పెడతాడు.

మునిగిపోయిన తరువాత ఆ పరికరం మట్టమాపకంగా పనిచేయడం మానివేసి సాంద్రతామాపకంగా మారిపోయింది. అది చెప్పినది అబద్ధం కూడా కాదు. ద్రవం తేలికవుతున్నదని చెప్పింది. మనుషులు దానిని మట్టం తగ్గుతున్నదని చదువుకొన్నారు.

ఈ ప్రమాదాన్ని గురించి ప్రచారంలో ఉన్న కథనాలలో ‘ట్రాన్స్‌మిటరు చెడిపోవడంచేత’ అనే మాట తరచు వినిపిస్తుంది. ఇది సగం నిజమైనా కాదు. ‘క్రమాంకనం తప్పడంచేత’ అనేది కొంత మేలు. కాలం చెల్లిన వివరపత్రంలోని సాంద్రత ప్రకారం గుర్తులు పెట్టడం నిజంగా జరిగింది. నివేదిక ఆ సంగతి చెపుతుంది. కాని ఆ మాటతోనూ తృప్తిపడరాదు. సాంద్రత సరిగా తీసుకొని ఉన్నా ఆ పరికరం 158 అడుగులని చెప్పగలిగేది కాదు. ‘నా హద్దు నిండినది’ అనే అంకె వద్ద నిలిచి ఉండేది. అది చిన్న సహాయం కాదు. తగ్గుతున్న అంకెను చూసి నిశ్చింతగా ఉండడానికీ, నిండు అంకెను చూసి కంగారుపడడానికీ చాలా భేదం ఉన్నది. అయినా తన హద్దుకు వెలుపల ఉన్నదాన్ని ఏ పరికరమూ చూడలేదు. ఆ హద్దు దాటినామని తెలుసుకొనడానికి వేరొక సాక్షి కావలెను. అటువంటి సాక్షులు అక్కడ లేకపోలేదు. ఎత్తుమట్టానికి మోగవలసిన విడి గంట ఒకటి ఉన్నది, అది మోగలేదు. కంటితో మట్టం చూడడానికి గాజు గొట్టం ఉన్నది. అది మురికిపట్టి కనిపించని స్థితిలో ఉన్నది.

నివేదికలో అధికభాగం సంస్థ నిర్వహణలోని లోపాలకు, ఖర్చు తగ్గింపులకు, రోజుకు 12 గంటల వంతున 29 రోజులు వరుసగా పనిచేసిన ఉద్యోగుల అలసటకు కేటాయింపబడినది. అది న్యాయమే. ఒక పనివాడి మీద నేరం మోపి ముగించకపోవడం దాని గొప్పతనం. అయితే ఉపాధ్యాయుని దృష్టితో చదివే నాకు, భౌతికశాస్త్ర పాఠాన్ని ఆ పుటల మధ్యనుంచి ఏరుకోవలసిరావడం లోటుగానే తోచింది. ‘మునిగిన డిస్‌ప్లేసరు సాంద్రతను మాత్రమే కొలుస్తుంది’ అనే సంగతి పెద్ద అక్షరాలతో అచ్చువేయవలసినది.

ఒక విషయంలో మాత్రం నివేదిక వేలు సరిగా పెట్టింది. లోపలికి వచ్చే ద్రవపు ప్రవాహమూ, బయటికి పోయేదీ నియంత్రణశాలలో ఒకే తెరమీద కనిపించేవి కావు. రెండింటి భేదాన్ని లెక్కకట్టి చూపే ఏర్పాటూ లేదు. ఉండి ఉంటే పదవ తరగతి లెక్క సరిపోయేది. ద్రవం రోజుకు సుమారు 20,000 బారెళ్ళ వంతున వస్తున్నది. అనగా గంటకు ఇంచుమించు 132 ఘనమీటర్లు. స్తంభపు అడ్డుకోత వైశాల్యం దాదాపు 11.4 చదరపు మీటర్లు. భాగించండి: గంటకు 11.6 మీటర్లు, అంటే 38 అడుగులు. బయటికి దారి మూసి మూడు గంటలు నింపితే 114 అడుగులు చేరవలెను. వేడికి వ్యాకోచించినది, ముందునుంచీ ఉన్నది దీనికి అదనం. గంటకు 38 అడుగులు పెరగవలసిన మట్టం తగ్గుతున్నదని చెప్పే అంకెను నమ్మడానికి వీలు లేదు. దీనికి మల్టీమీటరు అక్కరలేదు, పరికరపు మూత విప్పనక్కరలేదు. ద్రవ్యనిత్యత్వం చాలును.

ఇటువంటిదే మరొక రీతి తప్పు మన రాష్ట్రంలోనే సంభవించింది. 2020 మే 7న విశాఖపట్టణంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంనుంచి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు పోయిన సంగతి పాఠకులకు విదితమే. స్టైరీను తనంతట తానే అణువులు గొలుసుకట్టుకొని పాలిమరుగా మారగలదు. మారేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా త్వరగా మారుతుంది. అందుచేత దానిని చల్లగా ఉంచవలెను, ఉష్ణోగ్రతను కనిపెట్టి ఉండవలెను. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం తన నివేదికలో గుర్తించినది ఏమంటే, ఆ తొట్టిలో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు అడుగుభాగాన మాత్రమే ఉన్నది; మధ్యభాగాన, పైభాగాన లేదు. వేడి ద్రవం తేలికై పైకి చేరుతుంది, చల్లనిది అడుగున ఉంటుంది. ఇది ఎనిమిదవ తరగతి పాఠం. అడుగున ఉన్న గ్రాహకం అడుగున ఉన్న ఉష్ణోగ్రతనే నిజాయితీగా చెపుతుంది. పైన ఏమి జరుగుతున్నదో దానికి తెలియదు. టెక్సాసులో సాంద్రతను మట్టమనుకొన్నారు. ఇక్కడ ఒక చోటి ఉష్ణోగ్రత తొట్టి అంతటికీ లెక్క అయింది. ఏ పట్టికలోనూ ఈ దోషానికి వరుస లేదు. ఎందుకంటే దోషం పరికరంలో లేదు.

కాబట్టి పట్టికకు మొదటి వరుసగా ఉండవలసినది ‘సంకేతం ఎట్లా ఉన్నది?’ అనే ప్రశ్న కాదని నా అభిప్రాయం. ‘ఈ పరికరం నిజానికి కొలుస్తున్నది ఏ రాశిని? ఎక్కడ? ఏ ఊహ మీద దానిని మనకు కావలసిన రాశిగా మారుస్తున్నాము? ఆ ఊహ ఈ పూట నిజమేనా?’ అన్నవి ముందు రావలెను. తరువాత, ఆ పరికరంతో సంబంధంలేని మరొక కొలతతో పోల్చి చూడవలెను. తీగలు, బిగింపులు, సరఫరా ఆ పిమ్మటి సంగతులు. ఇప్పుడు వాడుకలో ఉన్న క్రమం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉన్నది. తీగలో కృత్రిమంగా 4, 12, 20 మిల్లీ ఆంపియర్లు పంపి, నియంత్రణశాలలో 0, 50, 100 కనిపిస్తే పరీక్ష ముగిసిందనుకొంటున్నారు. తపాలా బట్వాడా సక్రమంగా ఉన్నదని దానివల్ల తెలుస్తుంది. ఉత్తరంలో రాసినది నిజమని తెలియదు.

తయారీదారులు ఇందుకు ఒక సమాధానం చెప్పవచ్చును: తమ పరికరం ఏ పాత్రలో, ఏ ద్రవంలో వేలాడుతుందో తమకెట్లా తెలుస్తుంది? నిజమే. వారి పుస్తకంలో వారి పరికరం సంగతే ఉంటుంది. తప్పు వారిదికాదు, ఆ పుస్తకాన్నే యథాతథంగా విద్యార్థులకు పాఠంగా పెట్టేవారిది. మన పరీక్షలలోనూ ఇదే అలవాటు. ఆర్కిమెడీసు సూత్రం మీద ఇచ్చే ప్రతి లెక్కలోను ద్రవపు సాంద్రత ముందే ఇస్తాము. అది మారిందేమో అని విద్యార్థి ఒక్కసారైనా అనుమానించడానికి అవకాశం ఇవ్వము.

పాఠశాలలో దీనిని చేసి చూపడానికి స్ప్రింగు త్రాసు, సన్నని చిన్న సీసా, రెండు పొడుగాటి గాజుజాడీలు ఉంటే చాలును. సీసాను ఇసుకతో నింపి గట్టిగా మూత బిగించి త్రాసుకు వేలాడదీయండి. ఒక జాడీలో నీరు పోస్తూ, సీసా మునిగినకొద్దీ బరువు ఎట్లా తగ్గుతున్నదో గుర్తించి, పూర్తిగా మునిగినప్పటి నష్టాన్ని 100 శాతం అని అట్టమీద రాయండి. రెండవ జాడీ చుట్టూ నల్లకాగితం చుట్టి, అందులో సీసా మీద జానెడు ఎత్తు వచ్చేవరకు కిరసనాయిలు పోసి, త్రాసు మాత్రం కనిపించేటట్లు ఉంచండి. కిరసనాయిలు సాంద్రత 0.8 కి దగ్గరగా ఉంటుంది గనుక త్రాసు 80 శాతం ప్రాంతంలో నిలుస్తుంది. అప్పుడు విద్యార్థులను జాడీలో సీసా ఎంతవరకు మునిగి ఉన్నదో అడగండి. కాగితం విప్పడానికి ముందు, తమ జవాబు సరియైనదో కాదో తేల్చుకోవడానికి ఇంకేమి కొలిచి చూడాలో కూడా వారినే చెప్పమనండి.